గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో పొగ ఎక్కడిది?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మొదటి అంతస్తులో రెండు పడక గదుల ఫ్లాటు. మా అత్తమ్మకు 62 ఏళ్లు. పాకాల దగ్గర పల్లెలో ముప్ఫై ఏళ్లకు పైగా కట్టెల పొయ్యి మీద వండిన మనిషి. మూడేళ్లుగా మా దగ్గరే ఉంటున్నారు. పొద్దున లేస్తూనే దగ్గు, తెల్లటి తెమడ. మెట్లెక్కితే ఆయాసం. మా బాబుకు ఏడేళ్లు. రాత్రిళ్లు పిల్లికూతలు, నెలకోసారైనా నెబ్యులైజర్ పెట్టించాల్సి వస్తోంది. ఇంట్లో పొగ ఉంటుందా అని డాక్టరుగారు అడిగితే, గ్యాస్ మీదే వంట, ఎవరూ సిగరెట్ తాగరు, పొగేమీ లేదని చెప్పాను. రోడ్డు దుమ్ముకూ దోమలకూ భయపడి కిటికీలు మూసే ఉంచుతాం. రాత్రికి ఒక దోమల కాయిల్ వెలిగిస్తాం. అత్తమ్మ రెండు పూటలా ఊదుబత్తీలు, శుక్రవారం సాంబ్రాణి వేస్తారు. వంటింట్లో పైపు లేని చిమ్నీ ఉంది. బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్. వానలయ్యాక పడకగది గోడ మీద నల్లటి మచ్చలు లేస్తాయి. ఎయిర్ ప్యూరిఫయర్ పదిహేను వేలకు వస్తుందంటున్నారు. కొనమంటారా? పూజ దగ్గర పొగ తగ్గించమంటే అత్తమ్మ నొచ్చుకుంటారు, అదొక చిక్కు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ప్యూరిఫయర్ సంగతి తర్వాత చూద్దాం. మీరు ఒక్క ముక్క రాసి వదిలేసిన గ్యాస్ గీజర్ దగ్గర మొదలుపెట్టాలి. మిగతావన్నీ ఏళ్ల తరబడి నెమ్మదిగా ఊపిరితిత్తులను పాడుచేసేవి. ఇది మాత్రం ఒక్క స్నానం పూర్తయ్యేలోపు ప్రాణం తీయగలదు.

గీజర్‌లోని మంట బాత్‌రూమ్ గాలినే వాడుకుంటుంది. గది చిన్నది, తలుపు బిగించి ఉంటుంది, చలికాలమైతే వెంటిలేటరుకు అట్టముక్క కూడా అడ్డం పెడతారు. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ పూర్తిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, ఆ తర్వాత కాళ్లలో సత్తువ పోయి గడియ కూడా తీయలేక పడిపోవడం. సిలిండర్ గ్యాస్‌కు వాసన కలుపుతారు కాబట్టి లీకైతే ముక్కుకు తెలుస్తుంది. ఈ విషవాయువు అలా తెలియదు.

గీజర్‌ను బాత్‌రూమ్ గోడ నుంచి తీయించి బయట బాల్కనీలో, గాలి ఆడే చోట బిగించి, వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి ఇప్పించండి. అంతవరకూ తలుపు తెరిచి ఉంచి బక్కెట్లు నింపుకుని, గీజర్ ఆపేశాకే స్నానానికి వెళ్లాలి. బాత్‌రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అనుకోవద్దు. తలుపు మూసిన గదిలో ఫ్యాన్ గాలిని బయటికి లాగితే, పైకి పోవాల్సిన మంట పొగను కూడా వెనక్కి లాగుతుంది. ఎవరికైనా స్నానాల గదిలో తల దిమ్ముగా అనిపిస్తే వెంటనే బయటికి రావాలి, నీళ్లు పోసుకుని తేరుకుందామని కూర్చోకూడదు.

ఇక డాక్టరుగారికి మీరిచ్చిన జవాబు. గ్యాస్ రాగానే పొగ పోయిందని అందరూ అనుకుంటారు. 1999లో దీపం పథకంతో, 2016 నుంచి ఉజ్వలతో మన పల్లెల్లోకి సిలిండర్లు వచ్చాయి, ఆడవాళ్ల కళ్లు తెరిపిన పడ్డాయి. అంతవరకూ నిజమే. కానీ మీ ఇంట్లో మీరే లెక్కపెట్టిన పొగలు చూడండి: కాయిల్, ఊదుబత్తి, సాంబ్రాణి. వాటికి తోడు తిరగవాత. అన్నీ మూసిన కిటికీల వెనకే.

ఇందులో పెద్ద దొంగ కాయిల్. దాని ఎరుపో ఆకుపచ్చో రంగు చూసి మందు అనుకుంటాం. అందులో దోమను తరిమే మందు చాలా కొంచెం, మిగిలినదంతా రంపపు పొట్టు, కొబ్బరి చిప్పల పొడి, జిగురు. ఆ పొడి మంట లేకుండా రగులుతూ ఎనిమిది గంటలు కాలుతుంది. మంట లేకుండా కాలేదేదైనా ఎక్కువ పొగే ఇస్తుంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనం, ఒక కాయిల్ నుంచి వచ్చే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని తేల్చింది. సూక్ష్మధూళి అంటే 2.5 మైక్రాన్ల కంటే చిన్న కణాలు, పీఎం 2.5 అంటారు. ముక్కులో వెంట్రుకలు, గొంతులో తడి వీటిని ఆపలేవు, నేరుగా ఊపిరితిత్తుల చివరి తిత్తుల దాకా పోతాయి. ఇరవై నాలుగు గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం, 15 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన మాట. కాయిల్ వెలిగించి తలుపులు మూసిన పడకగదిలో మీటరు పెడితే అంకె వందల్లోకి పోవడం మామూలే. కాయిల్ పెట్టేది మీ బాబు పడుకునే గదిలోనే అయితే, రాత్రంతా ఆ పొగే పీలుస్తున్నాడు. పిల్లికూతలు రాత్రే ఎందుకు వస్తున్నాయో ముందు ఇక్కడ వెతకండి. ఉబ్బసం మామూలుగానే తెల్లవారుజామున ముదురుతుంది, దానికి ఇది తోడవుతోంది.

వేపపొడి కాయిల్, పేడతో చేసిన ఆయుర్వేద కాయిల్ అని అమ్మేవి మంచివేమీ కావు. కాలేది వేపాకైనా పొగ పొగే. ముట్టించి వదిలేసే కాగితం కార్డులూ అంతే. కరెంటు ప్లగ్గులో పెట్టే ద్రవం మందుకు పొగ ఉండదు, ఆ మాటకొస్తే కాయిల్ కంటే చాలా నయం. అయినా అదీ పురుగుమందే కాబట్టి చీకటి పడే వేళ గంటసేపు, కిటికీకి జాలీ ఉంచి, పిల్లాడు గదిలో లేనప్పుడు వేసి ఆపేయండి.

అసలు మందు అక్కర్లేని దారి దోమతెర. పరుపు కిందికి దోపుకునే తెర ఒకటి బాబుకు, ఒకటి అత్తమ్మకు. తర్వాత కిటికీలకు జాలీ. అంగుళానికి 16 నుంచి 18 గళ్లున్నది అడగండి, అంతకంటే పెద్ద గళ్లయితే సన్న దోమ దూరుతుంది, మరీ సన్నవైతే గాలి ఆడదు. చట్రానికి వెల్‌క్రో పట్టీతో అతికించే రకమైతే నెలకోసారి తీసి కడుక్కోవచ్చు. దుమ్ము పట్టిన జాలీ గోడతో సమానం. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి తెర ఒక్కటే చాలదు. కూలర్ తొట్టి, పూలకుండీల కింది పళ్లాలు, ఫ్రిజ్ వెనక నీళ్లు పడే గిన్నె, బాల్కనీలో మూత లేని డ్రమ్ము, వీటిని వారానికోసారి పూర్తిగా వంచేసి అంచులు పీచుతో రుద్దండి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, ఆ లోపల నీళ్లు పారబోస్తే దోమ పుట్టదు.

అత్తమ్మ పూజ. ఇక్కడ మీరు గట్టిగా చెప్పబోతే మాట పొగ మీద నుంచి భక్తి మీదికి పోతుంది, ఆ గొడవలో మీరు గెలవరు. మానమనకండి, చోటు మార్చమనండి. ఊదుబత్తి బాల్కనీలో తులసి కుండీ దగ్గర గుచ్చవచ్చు. లోపలే కావాలంటే ఒక్కటే, వంటింటి ఫ్యాన్ వేసి, హారతి అయ్యాక నీళ్లలో ముంచి ఆర్పేయాలి. పూజ అయిపోయాక కూడా అరగంట కాలుతూ ఉండే ఊదుబత్తి వల్ల ఎవరికీ పుణ్యం లేదు. కర్పూరం చిటికెడు చాలు, మసి గోడకు ఎంత పడుతోందో అంతే మన లోపలికీ పోతుంది. కర్పూరం బిళ్లలు పిల్లలకు అందకుండా పెట్టండి, మింగితే మూర్ఛలు వస్తాయి. సువాసన కావాలంటే మరువం, దవనం, సంపంగి ఉన్నాయి, అరగదీసిన గంధం ఉంది. తిరుమలలో గురువారం స్వామికి జరిగేది పూలంగి సేవ. పూలతో నిండుగా అలంకరిస్తారు. ఇంట్లో గురువారం పూలంగి పెడదామత్తమ్మా అని మీరు అడిగితే ఆమె కాదంటారని అనుకోను.

సాంబ్రాణి వేరే కథ. అది నిప్పుల మీద కాలుతుంది, ఇప్పుడు వచ్చే కప్పులు కూడా బొగ్గుపొడితో చేసినవే. కాబట్టి పొగతో పాటు, ఇందాక గీజర్ దగ్గర చెప్పిన కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. నిప్పులు చల్లారేదాకా ధూపం పళ్లెం గదిలో ఉండకూడదు. వేయాల్సి వస్తే కిటికీలు తెరిచి, బాబును బయటికి పంపి, అత్తమ్మ కూడా పక్క గదిలో ఉండి, మీరే వేయండి. ఇంట్లో ఎప్పుడైనా పసిబిడ్డ ఉంటే, తలంటు పోశాక జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టే అలవాటు వద్దేవద్దు. మెత్తటి గుడ్డతో తుడిస్తే ఆ జుట్టు పది నిమిషాల్లో ఆరుతుంది.

ఇప్పుడు వంటిల్లు. మీ చిమ్నీకి పైపు లేదంటే, అది నూనె జిడ్డును జల్లెడ మీద, కొంత వాసనను లోపలి బొగ్గు ఫిల్టర్‌లో పట్టి, మిగతా గాలిని మళ్లీ మీ ముఖం మీదికే వదులుతోంది. ఆ బొగ్గు ఫిల్టర్‌ను మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్చాలి, మార్చేవాళ్లు అరుదు. మంట వేడికి పుట్టే నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువు దానికి సరిగా చిక్కదు కూడా. మంట ఎంత నీలంగా ఉన్నా ఈ వాయువు వస్తుంది, ఉబ్బసం ఉన్న పిల్లల ఊపిరి గొట్టాలను బిగిస్తుంది. చాలా మోడళ్లకు పైపు బిగించే వీలుంటుంది. గోడకు ఆరంగుళాల రంధ్రం కొట్టించి, చిమ్నీ నోరెంత ఉందో అంతే లావు పైపు వేయించండి. నాలుగంగుళాల పైపుకు కుదించి బిగించి పోయే మనుషులున్నారు. అప్పుడు చప్పుడు పెరుగుతుంది, లాగడం తగ్గుతుంది. వంపులు ఒకటి, మహా అయితే రెండు. పొయ్యికీ చిమ్నీకీ మధ్య 26 నుంచి 30 అంగుళాల ఎత్తు. పైపు రెండో కొస ఫ్లాట్ల మధ్య సందులోకి కాకుండా ఆరుబయటికే తెరుచుకోవాలి. లేకపోతే మీ పొగ పైఅంతస్తు వాళ్ల వంటింట్లోకి పోతుంది.

అద్దె ఇల్లై గోడ కొట్టనివ్వకపోతే ఎగ్జాస్ట్ ఫ్యానే గతి, నిజానికి అదే చవక. ఎనిమిదడుగులు, పదడుగులు, ఎత్తు పది ఉన్న వంటిల్లు 800 ఘనపు అడుగులు, అంటే సుమారు 23 ఘనపు మీటర్లు. గంటకు పదిహేనుసార్లు గాలి మారాలంటే 340 ఘనపు మీటర్లు లాగే ఫ్యాన్ కావాలి. ఆ అంకె పెట్టె మీదే ఉంటుంది. 500 పైన ఉన్నది తీసుకుంటే జిడ్డు పట్టి నెమ్మదించినా సరిపోతుంది. పొయ్యికి వీలైనంత దగ్గరగా, గోడ పైభాగంలో బిగించాలి.

ఫ్యాన్ తిరుగుతున్నా పొగ పోవడం లేదనే ఫిర్యాదు చాలామందిది. కారణం సాధారణంగా కిటికీ. ఫ్యాన్ పక్కనే కిటికీ తెరిచి ఉంటే ఆ గాలినే లోపలికి లాక్కుని, ఆ గాలినే బయటికి తోస్తుంది. మధ్యలో పొయ్యి మీద పొగ ఉన్నచోటే ఉంటుంది. ఫ్యాన్ పక్క కిటికీ మూసి, ఎదురుగా ఉన్న తలుపు తెరవాలి. అప్పుడు గాలి హాల్లోంచి వచ్చి, పొయ్యి మీదుగా ఫ్యాన్‌లోకి పోతుంది. సరిగా ఉందో లేదో తెలియాలంటే పల్చటి టిష్యూ కాగితాన్ని తలుపు దగ్గర వేలాడదీయండి, వంటింటి వైపు వంగాలి. ఫ్యాన్ తిరగేసి బిగించిన ఇళ్లూ ఉంటాయి, కాగితమే చెబుతుంది. పొయ్యి ముట్టించక ముందే ఫ్యాన్ వేసి, కట్టేశాక పది పదిహేను నిమిషాలు తిరగనివ్వండి. రెక్కలు, వెనకున్న రేకు తలుపులు నెలకోసారి వేడినీళ్లు, వంటసోడా, గిన్నెల సబ్బుతో కడగాలి. రేకులు జిడ్డుకు అతుక్కుపోతే ఫ్యాన్ ఉత్తినే చప్పుడు చేస్తుంది.

పొయ్యి మంట చివర పసుపు కనిపించినా, గిన్నె అడుగు మసిబారినా బర్నర్ రంధ్రాలు పూడుకున్నాయని అర్థం. పాలు పొంగిన మర్నాడు ఇది ఎక్కువ. బర్నర్ చల్లారాక తీసి, పిన్నీసుతో రంధ్రాలు పొడిచి, కడిగి, బోర్లించి పూర్తిగా ఆరాకే పెట్టండి. తడి మిగిలితే మళ్లీ పసుపు మంటే.

తిరగవాత పొగ గురించి ఎవరూ మాట్లాడరు. నూనెలోంచి నీలపు పొగ లేచిందంటే నూనె విరుగుతోందని, ఘాటైన అక్రోలిన్ వంటివి గాలిలోకి వస్తున్నాయని అర్థం. గానుగ శనగనూనె ఆరోగ్యమని ఇప్పుడు చాలామంది వాడుతున్నారు, మంచిదే. కానీ అది దాదాపు 160 డిగ్రీల దగ్గరే పొగ లేపుతుంది, రిఫైన్డ్ శనగనూనె 220 దాటాక. కాబట్టి గానుగ నూనెను తిరగవాతకు, తక్కువ మంటకు ఉంచుకుని, వడలకు, పూరీలకు రిఫైన్డ్ వాడితే పొగ తగ్గుతుంది. ఆవాలు చిటపటమన్నాక మంట తగ్గించి ఎండుమిరపకాయ వేసి మూత పెట్టండి. ఊరుబిండి పచ్చడికి మిరపకాయలు కాల్చే రోజు బాబును వంటింటి వైపు రానివ్వకండి, ఆ ఘాటును మంచి ఊపిరితిత్తులే తట్టుకోలేవు.

కిటికీలు ఎప్పుడు తెరవాలి? రోడ్డు వైపువి కాదు, వెనక వైపువి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తెల్లవారుజామున గాలి కదలక, చెత్త తగలబెట్టిన పొగ, బండ్ల పొగ నేలకు అంటుకునే ఉంటాయి. ఎండెక్కాక, పది నుంచి నాలుగు మధ్య తెరవండి. రెండు ఎదురెదురు కిటికీలు పావుగంట తెరిస్తే ఒక్క కిటికీ రెండు గంటలు తెరిచినదానికంటే మేలు. భోగి తెల్లవారుజామున మాత్రం అన్నీ బిగించండి, టైర్లు వేసే వీధులు ఇంకా ఉన్నాయి. ఇల్లు ఊడ్చే బదులు తడిగుడ్డ పెట్టడం ఎలాగూ మంచిదే. ఒక జాగ్రత్త: బాత్‌రూమ్ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఒకే రోజు ఒకే చోట వాడకండి, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

గోడ మచ్చలు బూజు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, ఆ తడి గోడలోకి దిగి నెలల తరబడి ఉంటుంది. పైన పెయింట్ వేయిస్తే ఒక్క సీజను కనబడదు, అంతే. తడి ఎక్కడిదో చూడాలి: గోడ అవతల బాత్‌రూమ్ ఉందా, కిటికీ పైనున్న సజ్జ పగిలిందా, పైఇంటి పైపు కారుతోందా. అది ఆగాకే మాస్కు కట్టుకుని సబ్బునీళ్లతో రుద్ది, ఫ్యాన్‌తో ఆరబెట్టి, అప్పుడు రంగు. పొడిగా గీకితే బూజు గింజలు గదంతా లేస్తాయి. బీరువాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరపండి. బాబు దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. మన ఎండ ఉచితంగా వస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా బాబుకు రాత్రిళ్లు ఇబ్బంది ఉంటే ప్యూరిఫయర్ కొనవచ్చు, ఇల్లంతటికీ కాదు, అతను పడుకునే గదికి. పదడుగులు, పదకొండడుగులు, పది ఎత్తు గది 31 ఘనపు మీటర్లు, దానికి ఐదు రెట్లు, అంటే గంటకు 155 ఘనపు మీటర్ల సీఏడీఆర్ (శుద్ధి చేసి వదిలే గాలి లెక్క) కావాలి. కంపెనీ చెప్పే అంకె అన్నిటికంటే పెద్ద వేగంలో, జెట్ విమానంలా మోగేటప్పటిది. కాబట్టి 250 దగ్గరున్నది కొని మధ్య వేగంలో తిప్పండి. సూక్ష్మధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉండాలి, ఊపిరితిత్తులకు పడని ఓజోన్ వాయువు వదిలేది వద్దు. ఫిల్టర్ ఏడాదికోసారైనా మార్చాలి, దాని ధర ముందే అడగండి. కాయిల్ వెలిగించి ప్యూరిఫయర్ వేయడం దండగ. కార్బన్ మోనాక్సైడ్‌ను అది ఆపదు. మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయని చెప్పేదాన్ని నమ్మి డబ్బు పెట్టకండి. ఒక కిటికీ చేసే పనికి ప్రతి చదరపు మీటరుకూ పదుల కుండీలు కావాలి.

అత్తమ్మకు మాత్రం ఇల్లు బాగుచేయడంతో సరిపోదు. ముప్ఫై ఏళ్ల కట్టెల పొగ వల్ల, ఒక్క బీడీ తాగకపోయినా, సీవోపీడీ అనే ఊపిరి గొట్టాల జబ్బు రావచ్చు. దాన్ని ఎక్స్‌రే తేల్చలేదు, స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష కావాలి. రుయా ఆసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగం ఉంది. అక్కడే తెమడ పరీక్ష కూడా ముందు చేయించండి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా టీబీ కాదని తేల్చుకోవాలి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. ఆమె ఊరికి వెళ్లినప్పుడు నీళ్లు కాచే పొయ్యి దగ్గర కూర్చోకుండా చూడండి, మామిడి కొమ్మలు, కొబ్బరి మట్టలు ఇప్పటికీ అక్కడ మండుతూనే ఉంటాయి. డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే అలవాటు పడిపోతామని మానేయవద్దు. అది వ్యసనం కాదు, మాత్రలో ఉండే మందే ఎన్నో రెట్లు తక్కువ మోతాదులో నేరుగా గొట్టాలకు చేరుతుంది. బాబుకు స్పేసర్ అనే గొట్టం పెట్టి ఇవ్వాలి, వాడాక నోరు పుక్కిలించాలి.

ఊపిరి తీసేటప్పుడు బాబు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా, రెండు మాటలు ఒక్క ఊపిరిలో చెప్పలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకండి, అప్పుడే 108కి ఫోన్ చేయండి.